ప్రిన్సిపల్ రాసిచ్చిన ఉత్తరం

నేను పుట్టింది అమెరికాలో. రెండేళ్ల వయసులో అమ్మానాన్నలతో జహీరాబాద్ వచ్చేశాను. నా దగ్గర మిగిలింది ఆ దేశపు పాస్‌పోర్టు ఒక్కటే. ఇంటర్ రెండో ఏడాదిలో సైన్సూ సాహిత్యమూ కలిపి చదివించే అక్కడి లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకు దరఖాస్తు పెడుతుంటే, వీసా కూడా అక్కర్లేదు, నీకేం కష్టమన్నారు అందరూ. కష్టమంతా మా ప్రిన్సిపల్ ఇవ్వాల్సిన ఉత్తరంతోనే వచ్చింది. నేనెలాంటి మనిషినో అందులో ఆయన చెప్పాలట.

మొదటిసారి ఆయన బోనఫైడ్ సర్టిఫికెట్ ఇచ్చారు. రెండోసారి కండక్ట్ సర్టిఫికెట్. నడవడిక సంతృప్తికరం అని అందరికీ అదే మాట, అదే రబ్బరు ముద్ర. మూడోసారి గది బయట బెంచీ మీద గంటన్నర కూర్చున్నాక పిలిచారు. లోపల నిలబడే ఓపిక లేక తలుపుకు ఆనుకున్నాను.

"మార్కులు రాస్తే సాలదా బిడ్డా?"

"సాలదు సార్. నేను ఎట్లాంటి పిల్లనో రాయాల్నంట."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. రెండేళ్లలో అలా చూడటం అదే మొదలు.

"నువ్వే చెప్పు, ఎట్లాంటి పిల్లవు?"

కోపం వచ్చింది. ఇదే ప్రశ్న మీద ఆ కాలేజీలు నన్ను రాయమన్న వ్యాసం నెల రోజులుగా ఖాళీగానే ఉంది.

ఆయన ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి, ముద్ర వేసి ఇచ్చారు. బయటికొచ్చి చదివాను. ఈ అమ్మాయికి అలసట అంటే తెలియదు అని ఉంది.

మళ్లీ ఆ బెంచీ మీదే కూలబడ్డాను. చాలాసేపు లేవలేకపోయాను.