అత్తా అన్న పాపానికి

నంద్యాల ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకున్నాక, రోగి ఇంట్లోనే ఉండి చూసుకునే పని నాకు మొదట దొరికింది ఆళ్లగడ్డలో. యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు ఎక్కబోయే ముందు మా డాక్టరమ్మ పిలిచి ఒక్క జాగ్రత్త చెప్పింది.

"రోగిని అమ్మా అని పిలువు. మీరు అను. వరస మాత్రం కలపొద్దు. కలిపావంటే పని చెడుతుంది."

ఆమెది మద్రాసు. మన మర్యాదలు ఆమెకేం తెలుసులే అనుకున్నాను. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో కొత్త సర్టిఫికెట్టు, ఒంటినిండా పొగరు.

రోగి ఒక పెద్దావిడ. చక్కెర జబ్బు. కాలి బొటనవేలు నల్లబడింది. అంతకుముందే ఆసుపత్రిలో చూపించుకున్నప్పుడు, వేలి మొదట్లో డాక్టరమ్మ ఊదా రంగు మందుతో గీత గీసింది. నలుపు ఆ గీత దాటితే పాదం తీసేయాలి. ఇరవై రోజులు చూద్దాం అంది. రోజూ పుండు కడిగి కట్టు కట్టడం, ఆమె నోటికి తీపి తగలనీయకపోవడం, గీత చెరిగిపోకుండా దిద్దడం నా పని.

గడప దాటగానే మంచం మీద నుంచి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"యాడిదానివి మే?"

"కొలిమిగుండ్ల, అత్తా."

నోరు జారింది. మా ఊళ్లో ఆ వయసు ఆడమనిషిని అట్లాగే పిలుస్తాం. ఆమె నా ఇంటిపేరు అడిగింది, మా నాయన పేరు అడిగింది, మా అవ్వ పుట్టిల్లు ఎక్కడో అడిగింది. "మనోళ్లేలే" అని తేల్చి, లోపలికి కేకేసింది. "మే, కోడలొచ్చింది, చెంబుతో నీళ్లు తే."

వరస ఒక్క మనిషితో ఆగదు. ఆమె నాకు అత్త అయితే ఆమె పెద్దకొడుకు బావ. ఆ బావకు భార్య పోయి రెండేళ్లు. చెంబు తెచ్చిన చిన్నకోడలు నాకు తోటికోడలి లెక్క. నేను ఇంకా కట్టు విప్పనేలేదు, ఆ ఇంట్లో నా పెళ్లి సగం అయిపోయింది.

మర్నాడు ఆసుపత్రి తెల్లచీర కట్టుకుని వస్తే అత్త మొహం చిట్లించింది. "ఇంటికొచ్చిన పిల్ల తెల్లచీర కట్టుకునేదేంది? ఎవురన్నా పోయినారా?" తోటికోడలు తన ఎర్రచీర ఇచ్చింది. వారం తిరక్కుండానే సంగటి కట్టె కూడా ఇచ్చింది. "అక్కా, రోంత గెలుకు, బిడ్డ ఏడుస్తాండాది." గెలికాను. వారానికోసారి గడ్డం గీయించుకునే బావ రోజు మార్చి రోజు గీయించుకోసాగాడు. అహోబిలం పోయి మల్లెపూలు తెచ్చి, "అమ్మకు" అని గోడకు చెప్పి పోయాడు. అమ్మ పూలు పెట్టుకోవడం మానేసి పదేళ్లయింది. మీసాలు మాత్రం బాగుండేవి, అబద్ధమాడను.

ఒకరోజు మంచం కోడు మీద చీమలు బారు కట్టాయి. దాని వెంబడి పోతే దిండు కింద బెల్లం గడ్డ దొరికింది.

"అత్తా, ఇది తినకూడదు."

"తినొద్దని కోడలు అత్తకు చెప్తాదా? యా ఊర్లో ఉండాదమ్మే ఈ ఆచారం?"

చిన్నకోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది. ఆ తర్వాత బెల్లం నా ఎదుటే తినడం మొదలైంది. బావతో చెప్పాను. "అది మీ అత్తాకోడళ్ల సంగతి. నేను దూరను" అని చేనికి పోయాడు.

పన్నెండో రోజు కట్టు విప్పితే నలుపు గీతను తాకి ఉంది.

భయపడ్డాను. ఉద్యోగం గురించి కాదు. పెరట్లో కోళ్లను అదిలిస్తూ తిరగాల్సిన మనిషి ఇక లేవలేదేమో, అదీ నేను కోడలి మర్యాద చూసుకున్నందుకు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, మందుల పెట్టె పట్టుకుని మంచం ముందు నిలబడ్డాను.

"అమ్మా, కాలు చాపండి."

వంటింట్లో సంగటి కట్టె ఆగింది.

"ఎవురిని అంటాండావు?"

"మిమ్మల్నేనమ్మా. ఆ దిండు కాస్త ఎత్తండి."

దిండు కింద ఒక గడ్డ, రోలు వెనక ఒకటి, నరసింహస్వామి పటం వెనక ఒకటి దొరికాయి.

"అది సామిది" అంది.

"సామికైతే గుడికే పంపిద్దామమ్మా."

తాంబూలాలు వెనక్కి ఇచ్చినంత రచ్చ అయింది. చిన్నకోడలు సంగటి కట్టెతోపాటు ఎర్రచీర కూడా తీసేసుకుంది. బావ గడ్డం మళ్లీ వారానికోసారికి వచ్చింది. పెద్దావిడ నాతో మాట్లాడడం మానేసింది. నేను కాలు పట్టుకుని ఉంటే చిన్నకోడలిని పిలిచి, "గట్టిగా బిగించొద్దని ఆ నర్సమ్మకు చెప్పుమే" అనేది. కానీ చెప్పినట్టల్లా విన్నది. కోడలినైతే కసిరి, అలిగి, ఏడ్చి గెలిచేది. బయటి మనిషి ముందు ఏడవడం ఆమెకు నామోషీ.

ఇరవయ్యో రోజు బస్సులో నంద్యాల తీసుకుపోయాను. డాక్టరమ్మ కట్టు విప్పి చాలాసేపు చూసింది. నలుపు గీత దగ్గరే ఆగి ఎండిపోయింది. వేలు పోతుంది, పాదం నిలిచింది అని చెప్పింది.

"మా నర్సు బాగా చూసుకుందా?" అని అడిగింది.

పెద్దావిడ వారం రోజుల తర్వాత నా మొహం వైపు చూసింది.

"ఏం చూసిందిలేమ్మా. కనికరం లేని మనిషి. ఇంత బెల్లం ముక్క నాలుక్కి తగలనీలా. సామి దగ్గరిది కూడా పీక్కపాయె." కాసేపు తన కాలి వైపు చూసుకుంది. "నా కోడలే అయ్యుంటే ఈ కాలు పోయుండేది."

డాక్టరమ్మ నవ్వింది. నేను కట్టుగుడ్డలు ఉడకబెట్టే గదిలోకి పోయి, తలుపేసుకుని ఏడ్చాను. ఆ ఇంటికి మళ్లీ పోవాలంటే, ఏ వరసతో పోవాలి?