అప్పలసామి మావ దించిన ట్రే

ఇవాళ పొద్దున మా కోడలు నిమ్మపండ్ల తొక్క తీస్తుంటే ఆ ఘాటు వరండాలోకి వచ్చింది. చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. సముద్రం దాటొచ్చి ఈ పజుండౌంగ్ పేటలో ఇన్నేళ్లు కాపురమున్నా, ఆ వాసన నన్ను ఇదే ఊళ్లోని బోటాటౌంగ్ పేట బంగళాకే తీసుకుపోతుంది, అప్పలసామి మావ దగ్గరికి.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. బియ్యం ఎగుమతి చేసే ఇటలీ దొర ఇంట్లో ఆయన బట్లరు, నేను ఆయన కింద బేరరును. ఇద్దరిదీ భీమిలి వైపే. చుట్టరికం లేకపోయినా మావా అనేవాణ్ణి. దొరసాని నిమ్మపండ్ల పైతొక్క స్పిరిట్‌లో నానబెట్టించి, పంచదార పాకం కలిపి మద్యం తయారుచేయించేది. భోజనాలయ్యాక, ఉప్పు చల్లిన ఐసులో పాతిన సీసా తీసి, వేలెడంత గ్లాసుల్లో మావ అంచుదాకా పోయాలి. ఎండకు నలిగిన అతిథులు మొదటి గుక్కకే కుర్చీల్లో వెనక్కి వాలేవారు. మావ మాత్రం తెల్లారినప్పటి నుంచీ నిలబడే ఉండేవాడు.

ఒక వానాకాలం ఆయన చేతులు వణకడం మొదలైంది. తలుపు చాటున గ్లాసులు నేను నింపితే, ఆయన ట్రే మోసుకెళ్లేవాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఒకనాడు విందులో ఆయన ట్రేలోని గ్లాసు ఒలికి బల్లగుడ్డ మీద పచ్చటి మరక పడింది. దొరసాని లేచి సీసా అందుకుని, తమ దేశంలో ఇది ఇల్లాలే పోయడం ఆనవాయితీ అని నవ్వింది. అతిథులు మెచ్చుకున్నారు. ఆ తర్వాత ప్రతి విందులోనూ ఆమే పోసింది.

మావ ఉద్యోగం నిలిచిందని నేను సంతోషించాను. ఆయనకు మాత్రం అన్నం సయించలేదు. ఏమైందని అడిగితే చెప్పాడు.

"అమ్మ నా పని తను సేత్తన్నాది. నాను సూత్తా నిల్సుంటన్నాను. ఇలాగ ఇద్దరం అలిసిపోతన్నామురా, సూరీ."

మర్నాడు సాయంత్రం, విందుకు బల్ల సర్దుతుండగా, ఆయన ఖాళీ ట్రే దొరసాని ముందు దించాడు. తనకు వచ్చిన హిందుస్తానీలో, ఇక తన వల్ల కాదనీ, దాచడం చాలనీ, ఆ పని నాకు ఇమ్మనీ చెప్పాడు. ఆమె కుర్చీ లాగి కూర్చోమంది. అన్నేళ్లలో ఆ గదిలో ఆయన కూర్చోవడం నేను చూడలేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె సీసా తెప్పించి ఒక గ్లాసు పోసి ముందు పెట్టింది. రెండు చేతులతో పట్టుకున్నా సగం ఒలికిపోయింది. ఆయన తుడవబోలేదు, ఆమె తుడవమనలేదు.

తాగి, నా వైపు చూశాడు.

"సల్లగా దిగతందిరా. ఇన్నేళ్లూ ఏటి పోత్తన్నానో ఇయాలే తెలిసింది."

ఆ నెలలోనే ఓడెక్కి ఊరెళ్లిపోయాడు. మళ్లీ కబురు లేదు. దొరవాళ్లు ఇల్లు ఖాళీచేసేదాకా ఆ ట్రే నేనే మోశాను.

ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను, నా కింద కూడా మనుషులు పనిచేశారు. ఒంట్లో ఓపిక అయిపోయినప్పుడు అయిపోయిందని చెప్పడానికి నేను సిగ్గుపడలేదు. ఎదుటివాడు నాతో ఆ మాట అన్నప్పుడు కారణం అడగలేదు.