ఎవరూ ముట్టని బటన్

బాపట్లలో నేను చేపలు వేసే హోటల్లో బర్నబాస్ దోసె కోసం పోట్లాడి గెలవడం నా కళ్ళతో చూశాను. అక్కడ ఏం కావాలన్నా తెర మీద నొక్కాలి. ఇతని బల్ల మీదికి రెండు దోసెలు వచ్చాయి.

"రెండుసార్లు నొక్కారండి, రెంటికీ ఇవ్వాల్సిందే" అన్నాడు ఓనరు.

"ఒకసారి నొక్కితే మీ తెర ఉలకదు, పలకదు. మీరే నొక్కి చూడండి."

ఓనరు నొక్కాడు. ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. లోపల్నుంచి రెండు దోసెలు వచ్చాయి. హోటలంతా నవ్వింది. బర్నబాస్ రాజ్యం గెలిచినవాడిలా కాలరు సర్దుకున్నాడు. ఈలోగా అతని దోసె చల్లారి అట్టలా అయింది. అతని గెలుపులన్నీ ఆ బాపతే.

రేపల్లెలో లూథరన్ పంతులుగారి కొడుకు. బాపట్లలో ఇంజనీరింగ్ వెలగబెట్టి తెనాలిలో ఉద్యోగం చూసుకున్నాడు. ఇంకొకరు చేసిన ఫోను ప్రోగ్రాములు సరిగా ఉన్నాయో లేదో చూడడమే ఆ ఉద్యోగం. అవి వేలు తగిలితే గాని కదలవు. పోనీ ఆ వేలన్నా ఇతనిదా? ఒక పనిముట్టు తనంతట తానే నొక్కుకుంటూ పోతుంది, ఇతను పక్కన కూర్చుని టీ తాగుతాడు. దానికి జీతం! ఇంకో పనిముట్టు, మనుషుల వేళ్ళు తెర మీద ఎక్కడెక్కడ పడ్డాయో ఎర్రమచ్చలు పెట్టి చూపిస్తుంది.

అలాంటి ప్రోగ్రామొకటి పట్టుకుని మా సూర్యలంక వచ్చాడు. మగవాళ్ళు వేటకి వెళ్ళగానే ఆడవాళ్ళు ‘పడవ వెళ్ళింది’ అని నొక్కాలట. పొద్దుపోయినా రాకపోతే ‘పడవ రాలేదు’ అని నొక్కితే వెతికేవాళ్ళకి కబురు వెళుతుందట. ముందు ఉత్తుత్తిగా నొక్కి చూపించమని మావాళ్ళని వరసగా కూర్చోబెట్టాడు.

మొదటి బటన్ నిండా ఎర్రమచ్చలే. రెండోదాని మీద ఒక్కటీ పడలేదు. ఈ మహానుభావుడికి అర్థమైందేమిటయ్యా అంటే, మావాళ్ళకి అది కనపడలేదని! దాన్ని చాటంత చేసి, ఎర్రరంగు పూసుకొచ్చాడు. ఈసారి సగంమంది ఫోనే పట్టుకోలేదు. ఎవరూ నొక్కని బటన్ తీసేస్తామని, దాంతోపాటు అతన్నీ తీసేస్తామని తెనాలి ఆఫీసువాళ్ళు చెప్పేశారు. అప్పుడు పరుగెత్తుకొచ్చి సుమన్ పెళ్ళాం విజయ ముందు నిలబడ్డాడు.

"ఏంటమ్మా, ఇంత పెద్దగా కనపడుతుంటే నొక్కడానికేం?"

"మా ఆయన నీళ్ళమీదున్నాడు సార్. పడవ రాలేదని నా చేత్తో నేను నొక్కాలా?"

"నిజంగా కాదమ్మా, ఉత్తినే."

"మీరు బతికుండగా మీ ఆవిడ ఉత్తినే ఏడుస్తుందా సార్?"

అతను ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. మావాళ్ళు మాత్రం ఏం గొప్ప? కబురందక పోయిన పడవలు అందరికీ తెలుసు. మా ఆయన సింగరయ్య వేటకెళ్ళి తిరిగిరాని సంగతీ తెలుసు. అయినా ఏ ఒక్కతెకీ వేలు ముందుకెళ్ళదు.

ఆ సాయంత్రం నేను ఎండుచేపలు తిరగేస్తుంటే బర్నబాస్ వచ్చి ఇసకలో చతికిలబడ్డాడు. ముక్కు మూసుకోకుండా నా దగ్గర కూర్చోవడం అదే మొదలు. సింగరయ్య సంగతి ఎవరో చెవిలో వేసినట్టున్నారు, నా మొహం చూడలేక చేపల్నే చూస్తూ మాట్లాడాడు.

"మామ్మగారూ, రేపు మా పెద్ద సార్లు వస్తున్నారండి. వాళ్ళ ముందు ఒక్కరు నొక్కినా ఆ బటన్ ఉంచుతారు. మీకైతే నీళ్ళమీద ఎవరూ లేరు కదండీ. మీరు నొక్కండి."