యంగోనా కట్ట

ఫిజీలో మా లబాసా బజారులో, దంచి నీళ్లలో కలుపుకు తాగే యంగోనా వేళ్ల మట్టివాసన తగిలితే చాలు, మనవలకు గొప్పలు మొదలుపెడతాను. బడిలో నత్తి ఉందని స్థానిక ఫిజియన్ పిల్లవాడు సేఫాను ఏడిపించే నలుగురిని ఒక్కణ్ణే తరిమానని చెబుతాను.

అబద్ధం. ఆ నలుగురికీ నాయకుణ్ణి నేనే.

సంగతి తెలిసి నాన్న ఆ వేళ్ల కట్టొకటి కొన్నాడు.

"చలో, సేఫా ఇంటికి."

"ఎందుకు నాన్నా?"

"చుప్! నడువు."

కట్ట నన్ను కొట్టడానికేనని అనుమానం. తప్పు ఒప్పుకోవడానికి యంగోనా పట్టుకెళ్లడం ఫిజియన్ల ఆచారమని నాకేం తెలుసు?

సేఫా తండ్రి ముందు చాపమీద కట్ట పెట్టి నాన్న తలవంచాడు. "లడ్కా గల్తీ కరిస్, భయ్యా. మాఫ్ కరో," అని నా తప్పుకు తను క్షమాపణ అడిగాడు.

ఆయన కట్ట అందుకుని, మన్నించినట్టుగా వాళ్ల పద్ధతిలో చప్పట్లు చరిచాడు. సేఫా పక్కకు జరిగి, "బ... బ... బైఠో," అన్నాడు.

దెబ్బ ఎప్పుడు పడుతుందోనని బిక్కచచ్చి కూర్చున్నాను. నాకు అరవై ఏళ్లు దాటినా అది పడలేదు. పడి ఉంటే ఏనాడో మరిచిపోయేవాణ్ణి.