మైదానం నడుమ ఆవగింజ

మా రసాయన శాస్త్రం టీచరమ్మ నిజామాబాద్‌లో కన్నుమూశారన్న వార్త గత వారం బోధన్‌కు చేరింది. ఆ మాట వినగానే నాకు ముందుగా ఆమె ముఖం కాదు, ఆమె కొంగున ముడివేసి తెచ్చిన ఆవాలు గుర్తుకొచ్చాయి.

నేను ముప్పై దాటాక రాత్రిబడిలో పదో తరగతి చదివినవాణ్ణి. అది దాచుకోవలసిన సంగతి కాదని నమ్ముతాను. పగలంతా చెరకు లారీల దగ్గర పని. సాయంత్రం బట్టలకు అంటిన తీపి వాసనతోనే బెంచీ మీద కూర్చునేవాణ్ణి. టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ "బువ్వ తిన్నవా తమ్మీ?" అని అడిగేవారు. తినలేదన్నవాడికి ఆమె సంచిలోని మక్క పేలాలు దక్కేవి.

పరమాణువును ఆమె మాకు తెలిసిన చెరకు గానుగతో పోల్చి చెప్పారు. నడుమ గానుగ కేంద్రకం. చుట్టూ తిరిగే ఎడ్లు ఎలక్ట్రాన్లు. మా తాత బెల్లం వండినవాడు. గానుగ గురించి నాకొకరు చెప్పాలా? పరీక్షలో ధీమాగా రాశాను: "ఎలక్ట్రాన్లు మిక్కిలి బరువైనవి. అవి లాగుటచేత కేంద్రకం తిరుగును. లోపలి ప్రోటాన్లు నలిగి రసమగును."

ఎవరి జవాబు వారే లేచి చదవడం ఆమె తరగతి పద్ధతి. నేను చదివాను. గది ఘొల్లుమంది.

"ఎడ్లకు కుడితి వెట్టినవా అన్నా?" అన్నాడు వెనుక బెంచీ మిత్రుడు.

పుస్తకాలు సర్దుకున్నాను. "గీ సదువు నాతోని గాదు మేడం. రేపటి సంది రాను."

ఆమె నవ్వలేదు. "తప్పు నీది గాదు తమ్మీ. గానుగను తెచ్చింది నేను. పోలిక యాడిదాంకనో చెప్పకపోతి. రేపొక్కనాడు రా, తర్వాత నీ ఇష్టం."

మరునాడు మునిమాపువేళ మమ్మల్ని మైదానంలోకి తీసుకువెళ్లారు. కొంగుముడి విప్పి ఒకే ఒక ఆవగింజను నడుమ నేలపై ఉంచారు. "గిది కేంద్రకం. ప్రోటాన్లు, న్యూట్రాన్లు దీంట్లనే ఉంటయి. బరువంత దాదాపు గిక్కడ్నే." నా చేతికి టార్చిలైటు ఇచ్చారు. "నువ్వు ఎలక్ట్రాన్‌వి. గోడ వెంట నడువు."

ప్రహరీ దాకా వెళ్లి అరిచాను: "నడుమ ఏముంటది మేడం?"

"ఏం ఉండది. అంత ఖాళీనే!" మసకలోంచి ఆమె గొంతు వినిపించింది. "ఇగో, ముందే చెప్తున్న. ఈ పోలిక గూడ గింతవరకే. అసలు ఎలక్ట్రాన్ నీ లెక్క గోడ వట్టుకొని నడువది. పొగమంచు లెక్క పరుచుకొని ఉంటది."

నేను బడి మానలేదు. పది దాటి, డిగ్రీ పట్టా అందుకున్నాను. అప్పటికి నిజామాబాద్‌కు మారిపోయిన ఆమెకు దాన్ని చూపాలని ఎన్నోసార్లు బస్టాండు దాకా వెళ్లాను. ఎడ్ల మాట మళ్లీ వస్తుందేమోనని, బింకంతో వెనుదిరిగాను.

అంత్యక్రియల నాడు, బోధన్ రాత్రిబడిలో చదివానని చెప్పగానే ఆమె కూతురు నావైపు తేరిపార చూసింది. "గానుగ అన్న మీరేనా? ఆ పాఠం చెప్పేముందు అమ్మ ప్రతి ఏడూ మీ ముచ్చటే చెప్పేది. 'నా తప్పు నాకు సూపించినోడు' అనేది."

తిరుగు ప్రయాణంలో బడి దగ్గర దిగాను. ఆనాడు ఆ గింజను ఎవరమూ తిరిగి ఏరుకోలేదు. ప్రహరీ వెంట మెల్లగా ఒక చుట్టు నడిచాను. నడుమ ఏమీ కనిపించలేదు. చెరకుతోటల వైపు నుంచి వచ్చిన మంచు మైదానమంతా పరుచుకుంటోంది.