నడుము భయం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, బోయిగూడలోని అద్దె ఇంట్లో నీళ్ల బకెట్ ఎత్తబోయి నడుము పట్టేసి కూలబడిపోయాను. మా ఆవిడ, పక్కింటాయన కలిసి లేపేదాకా కాళ్లున్నాయో లేవో తెలియలేదు. ఆ తరువాత వంగాలంటేనే వణుకు పుట్టేది.

పొట్ట, నడుము కండరాలు బలపడితే రోజువారీ పనులు తేలికవుతాయా అని తిరుమలగిరిలో ఒక ఫిజియోథెరపిస్టు పరిశోధన చేస్తోందని తెలిసి పేరిచ్చాను. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడం మొదటి పరీక్ష. రెండుసార్లు లేచాను. మూడోసారి నడుములో ఏదో కలుక్కుమన్నట్టయి కుర్చీని గట్టిగా పట్టేసుకున్నాను.

"నొప్పి లేసిందా సార్?" అని ఆమె అడిగింది.

"లేదండి. వచ్చేస్తాదేమోనని భయమేస్తోంది."

"గదే రాస్తా. భయం సుత రాసుకోవాలె మేము. పరేషాన్ గాకుండ్రి."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా నా భయాన్ని ఎవరూ నమ్మలేదు; ఆఫీసులో అందరూ సెలవు కోసం నటన అనుకున్నారు.

ఎనిమిది వారాలు ఆమె నేర్పిన వ్యాయామాలు చేశాను. చివరి పరీక్షలో అయిదుసార్లూ లేచాను. ప్రతిసారీ గుండె దడదడలాడుతూనే ఉంది, కానీ చేతులు మాత్రం విప్పలేదు.