ఖాళీల మాస్టారు

కాగితం మీద ఒక్క గడి ఖాళీగా కనిపిస్తే చాలు, మా ఖాళీల మాస్టారికి అన్నం సయించదు.

నిజానికి ఆయన మాస్టారేం కాదు. కార్లు జోరుగా తోలడం నేర్పే స్కూల్లో, ట్రాక్ గేటు పక్క గదిలో గుమస్తా. "నాకేమైనా అయితే పూచీ నాదే" అనే ఆరు పేజీల కాగితం మీద సంతకాలు తీసుకోవడం, ఆ రోజుకి ఇన్సూరెన్స్ చేయించడం ఆయన పని. అందరూ ఆఖరి పేజీ తిప్పి బరబరా గీకేద్దామని చూస్తారు. ఆయన దగ్గర చెల్లదు. అన్ని పేజీలూ పైకి చదవాలి, అన్ని గడులూ నింపాలి. పరీక్షలో 'ఖాళీలు పూరింపుము' అన్నట్టే. అందుకే ఆ పేరు.

ఓసారి ఒక డాక్టరు 'జబ్బులు' గడి వదిలేశాడు.

"నాకేం జబ్బుల్లేవయ్యా."

"లేవని రాయండి."

"నేను డాక్టర్ని."

"మీ బీపీ ఎప్పుడు చూసుకున్నారు?"

అక్కడికక్కడే డాక్టరు చేతికి పట్టీ చుట్టాడు. చూస్తే నూట ఎనభై. ఆ రోజు ఆయన ఎక్కింది ఆ గదిలో చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఒక్కటే.

ఓనరుకీ మినహాయింపు లేదు. "ఈ కాగితం రాయించిందే నేను కదయ్యా" అంటే, "అయితే తొందరగా చదివేస్తారు, కానివ్వండి" అన్నాడు.

నేను చదవడమంటే పడక కాలేజీ మానేసినవాణ్ణి. ఈ కార్ల స్కూల్లోనే రెండేళ్లు టైర్లు మార్చి, డ్రైవింగ్ నేర్పే ఉద్యోగానికి పరీక్ష దాకా వచ్చాను. పదింటికి కారెక్కాలి. తప్పితే మళ్లీ ఏడాదికే. తొమ్మిదిన్నరకి కాగితం ఇచ్చాను.

"ఏడో గడి ఖాళీ," అన్నాడు.

ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి అన్న గడి అది. కాలేజీ మానేసినప్పట్నుంచి ఇంట్లో నాతో మాటల్లేవు.

"ఎవరికీ వద్దు."

"ఇన్సూరెన్స్‌వాళ్లు ఒప్పుకోరు."

"నాకేం కాదు."

"కాకపోయినా గడి నిండాలి."

"మాస్టారూ, కారెక్కకుండా నేనిక్కణ్ణుంచి కదల్ను."

"నేనూ కదల్ను. కూర్చో."

తొమ్మిది నలభై. తొమ్మిది యాభై. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే.

"రాయడానికి నాకెవరూ లేరండీ. చాలా?" అనేశాను.

ఆయన కాగితం తనవైపు తిప్పుకుని తన పేరూ, ఫోన్ నంబరూ రాశాడు. తర్వాత పెన్ను ఆగింది.

"బంధుత్వం?"

"ఏదో ఒకటి రాయండి, టైమవుతోంది."

"ఏదో ఒకటి రాయడం కుదరదు."

"సరే, బాబాయ్."

బాబాయ్ అని గుండ్రంగా రాసి, సంతకం చెయ్యమన్నాడు. పరుగెత్తాను. పరీక్ష నెగ్గాను.

ఉద్యోగంలో చేరిన వారానికి పాత కాగితాల బీరువా సర్దే పని నాకు పడింది. పద్నాలుగు కాగితాల్లో ఏడో గడిలో ఆయన నంబరే. ఒకడికి మేనమామ. ఒకామెకి అన్నయ్య. ఇద్దరికి పెదనాన్న. పెళ్లాం పోయాక కారు జోరుగా తోలడం నేర్చుకోవడానికొచ్చిన ఓ డెబ్భై ఐదేళ్లాయనకి మాత్రం, ఎంత ఆలోచించినా ఇంకేదీ కుదరక కాబోలు, కొడుకు.